హాలోవేకి టోర్నమెంట్

“ఇంకేమైనా అడుగుతారా?” అంది లోర్నా ప్రూయిట్.

బల్ల చుట్టూ కూర్చున్న ఎనిమిది మందీ అడ్డంగా తలూపారు.

వాళ్లంతా అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని చిన్న కాలేజీల ప్రెసిడెంట్లు. ఆ కాలేజీలన్నీ కలిసి ఎప్పుడో ఒక బాస్కెట్‌బాల్ కూటమి కట్టుకున్నాయి. ఏటా మార్చిలో జరిగే కూటమి టోర్నమెంట్ ఏ ఊళ్లో ఆడాలో తేల్చేది వీళ్లే. ఒకప్పుడు అది నది ఒడ్డునున్న హాలోవేలోనే జరిగేది. తర్వాత రాష్ట్ర రాజధాని ఇండియానాపొలిస్‌కి తరలిపోయింది. హాలోవే స్టేడియం మేనేజరు లోర్నా ప్రతి జనవరిలోనూ వచ్చి బతిమాలుకోవడం, ఉత్త చేతులతో తిరిగి వెళ్లడం అలవాటు చేసుకుంది.

ఈసారి కూడా కాదంటే ఇక రావలసిన పనే లేదు. ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ పోయింది, ఆసుపత్రి పోయింది. ఊళ్లో నలుగురు కలిసే చోటంటూ ఆ స్టేడియం ఒక్కటే మిగిలింది. దాని కప్పు కారుతోంది. టోర్నమెంట్ రాకపోతే కూల్చేయడమేనని మునిసిపాలిటీ తీర్మానించుకుంది. మేయరు రస్టీ పొద్దుటినుంచీ ఫోన్ దగ్గరే కూర్చున్నాడు.

“వచ్చే ఏడాది మార్చి సంగతి కదా. ఆటల వేళలు ఎలా అనుకుంటున్నావో చెప్పు లోర్నా,” అన్నాడు కూటమి కార్యదర్శి డ్వైట్ హెన్షా. కుర్రతనంలో హాలోవే స్టేడియంలో ఆడినవాడే. వాళ్లిద్దరిదీ అప్పటి స్నేహం.

లోర్నా గొంతు సవరించుకుంది. “ఆడపిల్లల ఆటలు పొద్దున్నే పెట్టకండి. ఖాళీ కుర్చీల ముందు ఆడుతున్నారు పాపం. శనివారం సాయంత్రం ఫైనల్ వాళ్లది కావాలి.”

కిందటేడు ఈ మాటకే మార్గో స్టెన్సల్ నవ్వింది. నలుగురూ చూసే వేళని ఎవరైనా ఆడపిల్లలకిస్తారా అని తీసిపారేసింది. ఆ ఎనిమిది మంది ప్రెసిడెంట్లలో ఆమె ఒకరు.

ఇప్పుడు మాత్రం, “అలాగే పెట్టండి,” అంది.

“శుక్రవారం సాయంత్రం కాసేపు ఆట ఆపాలి,” అంది లోర్నా. “అవి ఈస్టర్ ముందు లెంట్ ఉపవాసాల రోజులు కదా, మాంసం బదులు చర్చిలో చేపల వేపుడు విందు ఉంటుంది. ఊరంతా అక్కడే ఉంటుంది. ఆడే పిల్లలకి కూడా మేమే అక్కడ అన్నం పెడతాం.”

“మంచి ఆలోచన,” అన్నారెవరో.

“టీవీ వాళ్లు ఒప్పుకుంటారా మరి?” అని లోర్నాయే అడగాల్సి వచ్చింది.

“వాళ్ల సంగతి మేం చూసుకుంటాం లెండి.”

మంచు పడితే బస్సులెలా వస్తాయని ఎవరూ అడగలేదు. హోటల్ గదులు చాలవని అనలేదు. ప్రతి ఏడాదీ ఆమెని కాల్చుకు తిన్న ప్రశ్నలవి. వాటికి జవాబులు దారి పొడవునా కారులో వల్లె వేసుకుంటూ వచ్చింది. అడిగేవాళ్లే లేకపోయేసరికి సంగతి అర్థమైందనుకుంది. ఇండియానాపొలిస్‌కి ఎప్పుడో ఇచ్చేసి ఉంటారు. పోయేవాళ్లతో వాదన దేనికని తలూపుతున్నారు, అంతే.

“చూడండి,” అంది. “కాదనేదేదో ఇప్పుడే అనేయండి. మర్యాదకి నన్ను కూర్చోబెట్టకండి. ఇంటికి చాలా దూరం వెళ్లాలి.”

మార్గో కిటికీ వైపు తిరిగింది.

“హాలోవేకి ఇవ్వడం ఇష్టమైనవాళ్లు చేతులెత్తండి,” అన్నాడు డ్వైట్, బల్ల కేసి చూస్తూ.

ఎనిమిది చేతులూ లేచాయి.

లోర్నా వాటిని మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకుంది. అందరికీ థాంక్స్ చెప్పింది. మార్గో దగ్గరికొచ్చి ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, “మీరు చాలా శ్రమపడ్డారు,” అంది. కళ్లలోకి మాత్రం చూడలేదు. కిందటేడు నవ్వినందుకు సిగ్గుపడుతోందనుకుంది లోర్నా. ఆ నవ్వుని అక్కడికక్కడే క్షమించేసింది.

వసారాలోకి వచ్చి రస్టీకి ఫోన్ చేసింది.

“మనకే,” అంది.

“ఏడిపించకు లోర్నా.”

“ఒట్టు. ఎనిమిదికి ఎనిమిది మందీ.”

అవతల ముక్కు చీదుకున్న శబ్దం. “కూల్చేవాళ్లని రావద్దని చెప్పేస్తా. కప్పు పని మొదలెట్టించేస్తా. కొత్త అంబులెన్సు కోసం డబ్బు దాచామే, అది తీసి ఇచ్చేద్దాం.”

“అంబులెన్సు డబ్బా? ఆలోచించుకో రస్టీ. ఆసుపత్రి కూడా లేదు మనకి.”

“ఆలోచించి ఆలోచించే ఇలా తగలడ్డాం. మేస్త్రీ ఇక్కడే ఉన్నాడు, కాగితం కూడా తెచ్చాడు. సంతకం పెట్టేస్తున్నా. ఇదిగో, పెట్టేశా.”

లోర్నా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఇలా నవ్వి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

కారు తలుపు తీస్తుండగా వెనక అడుగుల చప్పుడైంది. డ్వైట్. సన్నగా మంచు రాలుతోంటే పైన కోటు కూడా లేకుండా వచ్చాడు.

“చలికి చస్తావు. లోపలికి పో,” అంది లోర్నా.

“ఊళ్లో ఇప్పుడే ఎవరికీ చెప్పకు.”

“చెప్పేశానుగా. రస్టీ కప్పు పనికి సంతకం కూడా పెట్టేశాడు.”

డ్వైట్ కారు మీద చెయ్యి ఆనించి తల వంచుకున్నాడు. జుట్టు మీద మంచు పడుతున్నా దులుపుకోలేదు.

“నిన్న వాళ్లంతా విడిగా కూర్చుని ఒక మాట అనుకున్నారు. అప్పుడే బయటికి పొక్కకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఈరోజు ఏదో ఒక ఊరి పేరు చెప్పకపోతే పత్రికలవాళ్లకి అనుమానం వస్తుందన్నారు.”

“ఏం అనుమానం?”

“ఈ జూన్‌లో కూటమిని మూసేస్తున్నాం.”