బెల్లం తాగే మెట్లు

నీలవేణి కొత్త మెట్లకు బెల్లం నీళ్లు పడుతోంది. ఇప్పుడు లంబసింగిలో ఏ ఇంటి ముందు చూసినా ప్రాణమున్న కాంక్రీటే. రోజూ కాస్త తీపి పడితే తన పగుళ్లను తానే పూడ్చుకుంటుంది. పోసిన కొత్తలో మాత్రం చంటిపిల్లలా చలికి తాళదు. ఒక్కసారి గడ్డకట్టిందా, ఇక దక్కదు.

పాత మెట్లు చలికి పోలేదు. మంచు కరగాలని అత్త చిన్నాలమ్మ ఉప్పు చల్లితే, లోపలి ప్రాణం పోయి పొరలు పొరలుగా రాలిపోయాయి.

"అత్తా, ఈసారి ఉప్పు డబ్బా జోలికెళ్లకు. ఇవీ సచ్చిపోతే మళ్లీ పోయించలేం."

"కడుపుతో ఉన్నదానివి, నీ కాలు జారిపోద్దని కదే సల్లినాను! నాకేటి, మెట్ల మీద పగా?"

"అయితే నా మీద పేమతో మెట్లని సంపేసినావన్నమాట!"

కోడలు నవ్వింది. చిన్నాలమ్మ మూతి ముడుచుకుని మంచమెక్కింది.

సాయంత్రానికి చలి కొరకడం మొదలైంది. ఇంట్లో ఉన్న గోనెలన్నీ కప్పినా కింది మెట్టు బోసిగానే మిగిలింది. నీలవేణి గుమ్మంలో దిగులుగా నిలబడిపోయింది.

చిన్నాలమ్మ లేచి వచ్చి ఉప్పు డబ్బా కోడలి చేతిలో పెట్టింది. ఎవరినీ ముట్టుకోనివ్వని తన గొంగడిని భుజాన వేసుకుని, బోసిగా ఉన్న కింది మెట్టు దగ్గరికి నడిచింది.