వాగుకు ఇవతలి రాజ్యం

మొన్న, నా భార్య ప్రమీల చివరి రోజున, మా తండాలో పోలింగ్. ఆమె పాఠాలు చెప్పే బడిలోనే బూత్ పెట్టారు. ఆమెకు తెల్లవారుజామునే చలిజ్వరం మొదలైంది. దవాఖానా జీపు కోసం కబురు పంపాను. వాగు పొంగుతోంది, ఏ జీపూ దాటదని జవాబు వచ్చింది.

రుమేనియా లాంటి, కమ్యూనిస్టు పాలన పోయిన దేశాల్లో ఎన్నికలు జరిగినా రాజ్యం ఎందుకంత బలహీనంగా ఉందన్నది నా పీహెచ్‌డీ పరిశోధన.

"మీ రుమేనియాలోనైనా జీపు వస్తుందంటారా?" అని ప్రమీల నవ్వబోయింది.

సాయంత్రం పోలింగ్ ముగిసింది. బ్యాలెట్ పెట్టెను మోసుకెళ్లి వాగు దాటించే పని తండా మనిషి గోప్యాది. అధికారులు అరుస్తున్నా వినకుండా అతను పెట్టెను బడిలోనే దింపేసి, మా ఇంటికొచ్చి ప్రమీలను మోసుకెళ్లడానికి డోలీ కట్టాడు.

"పెట్టె సంగతేంటి గోప్యా? నీమీదికి వస్తుంది, వద్దు" అన్నాను.

"దానికేమన్న జరమొచ్చిందా సారూ? రేపు మోస్త. నువ్వు ఆ కొస పట్టు, జల్దీ."

వాగు చేరకముందే ప్రమీల ఊపిరి ఆగిపోయింది.

పెట్టె ఆలస్యం చేశాడని నిన్న గోప్యాను పోలీసులు పట్టుకెళ్లారు. వాగులో నీళ్లు ఏమీ తగ్గలేదు. అయినా వాళ్ల జీపు దాటి వచ్చింది.

రేపు హైదరాబాద్‌లో నా పీహెచ్‌డీ వైవా. రాజ్యం బలహీనమని అక్కడ నేను నిరూపించాలి.

ఉదయాన్నే వాగు దాటి, హైదరాబాద్‌కు కాదు, పోలీస్ స్టేషన్‌కు వెళ్తాను. పెట్టె దింపమన్నది నేనేనని చెబుతాను.