పిట్టల సారు దుర్బీను

"దుర్బీను ఇయ్యనంటే ఇయ్య. గదేం పిట్టలను చూసే దుర్బీను కాదు, ఆడోళ్లను చూసే దుర్బీను" అన్నాడు వెంకట్రాజం.

దసరా మధ్యాహ్నం, కాశిబుగ్గలో తన మేడ ముందు నిలబడి, సగం గల్లీ వినేటట్టు అన్నాడు. ఎదుట ఉన్న ఇమ్మానుయేలు ఆయన ఇంట్లో కిరాయికుంటాడు. రైల్వే స్టేషన్‌లో పార్సిల్ క్లర్కు. సెలవు దొరికితే సైకిలెక్కి చెరువుల వెంట, చేన్ల వెంట పిట్టలను చూస్తూ తిరుగుతాడు. గల్లీలో అందరూ పిట్టల సారు అంటారు.

"ప్రభువు తోడు సేటూ, నేను ఏనాడూ మేడెక్కి చూడలే. పొద్దంత డ్యూటీల ఉంట. దుర్బీను గా మెట్ల కాడ గోడ మొలకే ఏలాడుతుండె."

"మరి మేడ మీదికెల్లి ఎవడో దుర్బీను పెట్టి చూస్తాండని యాకమ్మ ఊకెనే అన్నదా?"

ఎదురింటి యాకమ్మ గడప దిగకుండానే అందుకుంది. "మొఖం కనవడలే గని అద్దాలు మెరిసినయి. మీ మేడ మీదనే."

దుర్బీను జప్తయి వారమైంది. వెంకట్రాజం దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి భార్య మొగిలమ్మకిస్తే ఆమె కొంగుకు ముడేసుకుంది. పండుగ వెళ్లగానే గది ఖాళీ చేయమని కూడా ఇమ్మానుయేలుకు చెప్పేశాడు.

కానీ వెంకట్రాజానికి ఇంకా పండుగ వెళ్లలేదు. పొద్దు గుంకేలోపు, దసరా నాడు చూస్తే కలిసొస్తుందనే నీలిరెక్కల పాలపిట్టను చూడాలి. నిరుడు దసరాకు అంబాసిడర్ కారేసుకుని ఊరంతా తిరిగినా పిట్ట కనపడలేదు. ఆ ఏడే వార్డు ఎలక్షన్లలో ఓడిపోయాడు. ఓట్లెయ్యని వాళ్లను ఒక్క మాటనలేదు. తప్పంతా పిట్టదే. ఈసారి పొద్దున్నుంచీ కారు దిగలేదు. ఆయన హారన్‌కు కాకులు కూడా నిలవలేదు.

"ఒక పని చెయ్యి పిట్టల సారూ" అని గొంతు తగ్గించాడు. "జమ్మికి పోయేలోపు నాకు పాలపిట్టను చూపియ్యి. నీ దుర్బీను నీకిస్త. రూము గూడ ఉంచుకో."

"చూపిస్త. గని కారు వద్దు."

"మరెట్ల?"

"నా సైకిల్ మీద. నేను తొక్కుత, నువ్వు ఎనక కూసో. దుర్బీను తీసుకరానియ్యి."

"ముందు పిట్ట. దుర్బీను బీరువాల్నే ఉంటది."

మొగిలమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. "జర పైలంగ పోయి రాండ్రి. నేను మేడ మీద బట్టలు తీస్త."

వెంకట్రాజం ఎక్కగానే సైకిల్ ముందు చక్రం గాలిలోకి లేచింది. ఇమ్మానుయేలు హ్యాండిల్ మీద పడుకున్నట్టు వంగి తొక్కాడు. నర్సంపేట రోడ్డెక్కేలోపు ముగ్గురు ఆపి మరీ అడిగారు, "సేటూ, కారు అమ్మినవా?" అని. నాలుగో వాడు అడగలేదు, నవ్వాడు. ఆ వార్డులో ఆయనకు ఓటెయ్యని వాడు అతనేనని వెంకట్రాజానికి అప్పుడే రూఢి అయింది.

తీగల మీద తోక చీలిన నల్లటి పసులపోలిగాళ్లున్నాయి. కాకులున్నాయి. కరెంటు స్తంభం మీద ఓ గోరింక ఉంది.

"గది జర నీలంగ లేదా?"

"గోరింక సేటూ."

"జర ఇటు మల్లితే?"

"ఎటు మల్లినా గోరింకనే."

పొద్దు తాటిచెట్ల మీదికి దిగింది. ఇద్దరూ వెనక్కి మళ్లారు. కాశిబుగ్గ మేడలు కనపడుతున్నాయి. ఇమ్మానుయేలు మనసులో అప్పటికే పెట్టె సర్దుకుంటున్నాడు.

"అగ్గో!"

వెంకట్రాజం క్యారియర్ మీద నుంచి దూకాడు. పత్తి చేను అవతల తుమ్మచెట్టు మీద నీలంగా ఏదో కదులుతోంది. ఆయనకు దూరపు చూపు ఆనదు. కళ్లద్దాలు పెడితే ముసలోడనుకుని ఓట్లెయ్యరని పెట్టడు. గబగబా చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించాడు.

"తల్లీ, వచ్చే ఎలక్షన్లల్ల నన్ను సూడు!"

ఇమ్మానుయేలు కూడా చూశాడు. రవిక. ఎవరి దండెం మీద నుంచో గాలికి కొట్టుకొచ్చి తుమ్మముల్లుకు చిక్కింది.

"రెక్క కొట్టింది, చూసినవా!" అన్నాడు వెంకట్రాజం. కొట్టింది రవిక చెయ్యి. "పాలపిట్టనే గదా?"

పిట్టలు చూడటం మొదలుపెట్టిన నాటి నుంచి ఇమ్మానుయేలు ఒక్క పిట్ట పేరు తప్పు చెప్పలేదు. తెలియకపోతే తెలియదనేవాడు. ఇప్పుడు బీరువా గుర్తొచ్చింది. గది గుర్తొచ్చింది. చుట్టూ చూశాడు. చేన్లలో మనిషి జాడ లేదు.

"పాలపిట్టనే సేటూ. ఈడికెల్లే మొక్కు. దగ్గరికి పోతే లేసిపోతది."

గల్లీలోకి రాగానే వెంకట్రాజం సైకిల్ దిగకుండానే మొదలుపెట్టాడు. "చూసిన! ఇంత పెద్దది! రెక్కలిప్పి నాకు దీవెనార్తి పెట్టింది!" జనం మూగారు. యాకమ్మ పరుగున వచ్చి, చూసినాయన్ను చూసినా పుణ్యమేనన్నట్టు దండం పెట్టింది.

"ఏమేవ్! సారు దుర్బీను సారుకిచ్చెయ్యి. మాటంటే మాటనే."

మొగిలమ్మ మేడ మెట్లు దిగి వచ్చింది. చంకలో ఆరిన బట్టలున్నాయి. వాటి మడతల్లోంచి దుర్బీను తీసి ఇమ్మానుయేలు చేతిలో పెట్టి, మొగుడి వైపు తిరిగింది.

"చెప్పులిడిసి మరీ మొక్కితివి గని, గా తుమ్మకు ఏలాడేది మన యాకమ్మ నీలం రైక. పొయిన ఐతారం సంది ఆమె దండెం మీద కనవడుతనే లేదు, పట్టుకరాకపోతివా?"