గుర్తుపట్టావా తల్లీ

“ఎవరొచ్చారో చెప్పుకో చూద్దాం,” అంది రమాదేవి, మనవరాలి భుజం పట్టుకుని హాల్లోకి నడిపిస్తూ.

హర్షిత కుర్చీలోని పెద్దాయన్ని తేరిపార చూసింది. గళ్ల చొక్కా, బట్టతల, చెంప మీద పుట్టుమచ్చ. ఏ పేరూ తట్టలేదు.

చిన్నప్పటి నుంచీ హర్షితకి ఫిట్స్. మందులతో ఈమధ్య తగ్గాయి గానీ, చూసినవి మనసులో నిలవవు. విన్నవి నిలుస్తాయి. అందుకే ప్రతి మనిషికీ ఓ మాట తగిలించుకోమన్నారు డాక్టరుగారు. పొడుం వాసన అంటే చిట్టియ్య తాతయ్య, గాజుల గలగల అంటే పావని అత్త. ఈయనకి మాత్రం ఏ మాటా తగల్లేదు.

మంచినీళ్లకని వంటింట్లోకి వెళితే అమ్మ లక్ష్మీప్రసన్న పట్టుకుంది.

“మీ నానమ్మ వైపు వాళ్లే. గుర్తుపట్టకపోతే నేను నేర్పలేదంటారు. రేపటి బడి పిక్నిక్‌లో ఎవరి వెంట పడితే వాళ్ల వెంట వెళ్లిపోతావనేగా నా భయం? ఈయన్ని గుర్తుపట్టు, పంపిస్తా.”

“మీరెవరండీ అని అడిగేయనా?”

“ఇంటికొచ్చినవాళ్లని అలా అడుగుతారా ఎవరైనా? పరువు పోదూ.”

గుమ్మంలో నానమ్మ ఆపింది. “మీ అమ్మ పుట్టింటివాళ్లే తల్లీ. గుర్తుపట్టకపోతే నేను కలవనివ్వలేదంటారు.”

ఒక్కాయనే రెండు వైపులా చుట్టం ఎలా అయ్యాడో హర్షితకి అంతుపట్టలేదు. ఇదీ తన మతిమరుపే కాబోలనుకుంది.

విస్తరి వేశారు. ముద్దపప్పు, పనసపొట్టు కూర, పులస చేప లేని లోటు తీర్చడానికి రొయ్యల వేపుడు.

“అది కాదండి, నేను అసలు...” అన్నాడు పెద్దాయన.

“ముందు తినండి బాబూ, మాటలెక్కడికి పోతాయి,” అంటూ రమాదేవి నెయ్యి ఒంపింది.

ఆయన నోరు తెరిచినప్పుడల్లా విస్తట్లో ఏదో ఒకటి పడుతోంది. కాసేపటికి ఆయన నోరు తెరవడం తినడానికే పరిమితం చేసుకున్నాడు.

“ఇంట్లో అందరూ కులాసానా అన్నయ్యగారూ?” అంది లక్ష్మీప్రసన్న.

“కులాసానేనండి.”

“పిల్ల మిమ్మల్ని గుర్తుపట్టలేదని ఏమీ అనుకోకండి. దానికి చూసినవి నిలవవు.”

“భలేవారే. దానికేముందండి,” అన్నాడాయన, పూతరేకు అందుకుంటూ.

వెళ్లేటప్పుడు మరో డజను పూతరేకులు కట్టి చేతిలో పెట్టారు. “గేటు దాకా సాగనంపు తల్లీ. అప్పుడైనా గుర్తొస్తారేమో,” అంది నానమ్మ.

గేటు దగ్గర హర్షిత ఆగిపోయింది.

“ఎంత ఆలోచించినా మీరు గుర్తు రావట్లేదండి. నా పిక్నిక్ పోయింది.”

పెద్దాయన వెనక్కి తిరిగి ఇంటివైపు ఓసారి చూశాడు. వంగి, మెల్లగా అడిగాడు.

“ఇంతకీ ఈ ఇల్లెవరిదమ్మా?”