ముందు వరుసలో బల్బు

కొట్టుకోవడానికి ఇంకేం కావాలి ఈ గుండెకి, అనుకుంటూ సన్యాసిరావు మణికట్టు పట్టీని మరింత బిగించాడు. బొబ్బిలిలో కవితల పోటీకి ఇప్పుడు జడ్జీలు లేరు. వింటున్నవాళ్ల గుండె వేగాన్ని ఆ పట్టీ కొలుస్తుంది, అది పెరిగితే వాళ్ల కుర్చీ మీది బల్బు వెలుగుతుంది. ఎన్ని వెలిగితే అన్ని మార్కులు. చదివేవాళ్ల ఇంటివాళ్లు ముందు వరుసలో కూర్చోవడం ఊరి ఆనవాయితీ.

ఇందాక ఆరేళ్ల పిల్లెవరో తన మేకపిల్ల మీద చదివితే అతని బల్బు భగ్గున వెలిగింది. ఇప్పుడు వేదిక మీద భార్య అరుణ. హాలు సగం వెలిగింది. అతని బల్బు మాత్రం వెలగలేదు.

పరాయి పిల్ల మేకకి ఎగిరిన గుండె, కట్టుకున్న మనిషికి ఎగరదేం? ప్రేమ లేదా? పోనీ, భయానికైనా కొట్టుకోవచ్చు కదా. అదీ లేదు. ఆమె గొంతు వినగానే గుండె ఎప్పటిలాగే కుదుటపడుతోంది. కానీ ఆ సంగతి బల్బుకి ఎవరు చెప్పాలి? అతను మడమలు నేలకేసి కొట్టసాగాడు.

“ఏటి బావా, కూకునే పరిగెడతన్నావా?” పక్కనున్న అరుణ తమ్ముడు అప్పలస్వామి కిసుక్కున నవ్వాడు. “అక్క సూత్తంది.”

నిజమే. అరుణ చూపు ఆ బల్బు మీదే ఆగిపోయింది. “వాన వెలిసింది...” అంది. తరువాతి పాదం గుర్తు రాలేదు. హాల్లో వెలిగిన బల్బులు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

వంటింట్లో ఆమె వల్లిస్తుంటే వినీ వినీ అతనికా కవిత కంఠతా వచ్చు. పట్టీ విప్పి కుర్చీలో పెట్టాడు. లేచి నిలబడి, “దండెం మీద ఒక్క క్లిప్పే మిగిలింది” అని అందించాడు.