విప్పిన తొడుగులు

"ఇది నేను కట్టిన తొడుగు కాదు," అంది అత్త, టమాటా మొక్క ముందు వంగి, కళ్ళు చికిలించి.

విత్తనాల షెడ్డులో ఆ వరుస ఆమెది. పక్క వరుస కోడలిది.

టమాటా పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టేస్తుంది. సంకర విత్తనం కావాలంటే మొగ్గలోనే పుప్పొడి ఉండే కేసరాలు గిల్లేసి, కాగితపు తొడుగు వేసి, మర్నాడు వేరే రకం పుప్పొడి అద్దాలి. ఒక్క కేసరం మిగిలినా పువ్వు తన దారిన తాను పోతుంది.

"పోయిన కాపులో మీ ఇద్దరి వరుసల నుంచి కలిపి తీసిన విత్తనం చాలావరకు సంకరం కాక తల్లి రకమే మొలిచింది. ఈసారి విడివిడిగా చూస్తాం, ఎవరి వరుసలో అలా వస్తే వాళ్ళు ఇంటికే," అని సూపర్‌వైజర్ ముందే చెప్పాడు.

అత్త తలెత్తుకునే వింది. షెడ్డులో అందరికీ ఈ పని నేర్పింది ఆమే. పోయిన కాపులోనే కదా కోడలు పనిలో చేరింది!

"మీ కోడలు మీ వరుసలో తచ్చాడుతోందక్కా," అని తోటి కూలి ఒకామె చెవిలో ఊదింది. "మీ చోటు మీద కన్నుపడిందేమో."

ఆ మధ్యాహ్నం కోడలు రెండు ముద్దలు తిని, చేయి కడుక్కుని లేచింది. అత్త చప్పుడు చేయకుండా వెనకాలే వెళ్ళింది.

కోడలు అత్త వరుసలో ఒక్కో తొడుగూ విప్పింది. ప్రతి పువ్వు దగ్గరా వంగి ఏదో చేసింది. మళ్ళీ కట్టి, గుప్పిట మూసింది.

"దొరికావే!" అత్త ఆమె మణికట్టు పట్టుకుంది. "నా పువ్వులకి ఏ పుప్పొడి పూస్తున్నావు?"

"మెల్లగా అత్తయ్యా... ఇంటికెళ్ళాక అంతా చెబుతాను."

"ఇంట్లో ఎందుకు? ఇక్కడే తేలాలి. సార్! ఇలా రండి!"

"మీకు దణ్ణం పెడతాను, ఆయన్ని పిలవకండి."

అప్పటికే సూపర్‌వైజర్ వచ్చేశాడు. వెనక అన్నం చేతులతోనే నలుగురూ మూగారు.

"చేతిలో ఏముందమ్మా?"

కోడలు తల దించుకుంది. "ఏం లేదు సార్. విత్తనం పాడుచేసింది నేనే. నన్ను పంపించేయండి."

"విన్నారా? తన నోటితోనే ఒప్పుకుంది!" అంటూ అత్త ఆ వేళ్ళను ఒక్కొక్కటే బలంగా విప్పింది.

అరచేతి నిండా అత్త గిల్లకుండా వదిలేసిన కేసరాలే.