శేఠ్ మొలలో తాళంచెవి

"ప్రాణం అడుగు బేటా, ఇచ్చేస్తాను. ఇది మాత్రం అడక్కు!" ధనసుఖ్ శేఠ్ మొలకు కట్టుకున్న తాళాల గుత్తిని రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆ గుత్తికి బొటనవేలంత ఎర్రటి డాంగిల్ ఒకటి వేలాడుతోంది. అది కంప్యూటరుకు గుచ్చితేనే చీరల ఎంబ్రాయిడరీ డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. పొద్దున్నే శేఠ్ తన చేత్తో గుచ్చుతాడు, సాయంత్రం తన చేత్తోనే పీక్కుపోతాడు. దీపావళికి ఖాతా పుస్తకాల పక్కన కూర్చోబెట్టి దానికీ కుంకుమ పెడతాడు. సూరత్ బజారులో పాపిష్టివాణ్ణయినా నమ్మొచ్చుగానీ డిజైనర్‌ని నమ్మకూడదని ఊరంతా చాటింపు వేసినట్టు చెబుతుంటాడు. ఇవాళ దాన్ని ఇంకా గుచ్చకముందే, సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి నిరాలీ అనే అమ్మాయి వచ్చి కూర్చుంది.

"శేఠ్‌జీ, దీపావళి వెళ్లాక వచ్చే లాభపంచమి నుంచి ఈ డాంగిళ్లు పనిచెయ్యవు. ఇక అంతా క్లౌడే. ఎవరి పేరుతో వాళ్లు ఇంటర్నెట్‌లో లాగిన్ అవ్వాలి. పాతది మాకు అప్పజెబితేనే కొత్త లైసెన్సు. ఇటివ్వండి, దీని నంబరు నా లాప్‌టాప్‌లో ఎక్కించుకోవాలి."

"కంటికి కనపడని తాళంచెవిని నేనెక్కడ దాచుకోను? మొలకెలా కట్టుకోను?"

"అదీ అడగండి కాకా!" మూల సీట్లోంచి డిజైనర్ ఉర్విశ్ లేచి వచ్చాడు. "ఇంటర్నెట్ పోయిందనుకోండి, చేతులు ముడుచుకుని కూర్చోవాలా? చస్తే ఇవ్వకండి!"

శేఠ్ కళ్లు తుడుచుకున్నాడు. "చూశావా బేటా! నా ఉప్పు తిన్నవాడు."

ఉప్పు తిన్నమాట నిజమే. దాంతోపాటు ఇంకా చాలానే తిన్నాడు. శేఠ్ మొలలో ఊగుతున్నది అసలు డాంగిలే కాదు. అచ్చం అలాంటి ఎర్ర పెన్‌డ్రైవ్‌ని ఉర్విశ్ రెండేళ్ల కిందటే గుత్తికి తగిలించేశాడు. అందులో ఉన్నవి నవరాత్రి గర్బా పాటలు. అసలు డాంగిల్ బల్లకింద, కంప్యూటరు వెనకవైపు ఎప్పుడూ గుచ్చే ఉంటుంది. శేఠ్ పొద్దున ముందువైపు పాటలు గుచ్చి దణ్ణం పెట్టుకుంటాడు, వెనక ఉన్నది సాఫ్ట్‌వేర్ తెరుస్తుంది. సాయంత్రం ఆయన మెట్లు దిగగానే ఉర్విశ్ సొంత వ్యాపారం మొదలు. మగన్ దలాల్ అనే చీరల దళారి వచ్చి చేతిలో నోట్లు పెట్టి డిజైన్ పట్టుకుపోతాడు. ఎక్కడికని ఉర్విశ్ ఎన్నడూ అడగలేదు.

నిరాలీ ఊరుకోలేదు. "మీకే మంచిది శేఠ్‌జీ. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో, ఏ డిజైన్ గీశారో అంతా మీ ఫోనులో కనపడుతుంది. కొట్టు మూశాక తెరిచినా సరే!"

ఉర్విశ్ గుమ్మం వైపు చూశాడు.

"మూశాక కూడానా?" అన్నాడు శేఠ్. గడ్డం గోక్కున్నాడు. "అయితే ఇవ్వక తప్పదు కాబోలు." తీరిగ్గా ముడి విప్పడం మొదలెట్టాడు.

అది లాప్‌టాప్‌లో పెట్టగానే నంబరు బదులు పాటలు కనపడతాయి. పాటలు కనపడ్డాయో, ఉద్యోగం హుళక్కి. డిజైన్ల దొంగని పేరు పడ్డవాణ్ణి సూరత్‌లో మరో కొట్టు గడప తొక్కనివ్వరు. ఇంట్లో చంటిపిల్ల ఉంది. పారిపోదామంటే గుమ్మానికి అడ్డంగా నిరాలీ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఉర్విశ్ మనసులో అంబాజీ అమ్మవారికి వెయ్యి దణ్ణాలు పెట్టుకున్నాడు.

శేఠ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఛ, కుంకుమ అట్టగట్టింది. ఇదిగో, కాస్త తుడిచివ్వరా."

ఉర్విశ్ రెండు చేతులా అందుకున్నాడు. అందుకున్నట్టే అందుకుని జారవిడిచాడు.

"అయ్యో కాకా, పడిపోయింది!" అంటూ బల్లకిందికి దూరాడు.

"దొరికిందా?"

"వెతుకుతున్నా కాకా!"

ఠంగుమని తల బల్లకి తగిలింది. ఉర్విశ్ నెత్తి రుద్దుకుంటూ బయటికొచ్చి డాంగిల్ నిరాలీ చేతిలో పెట్టాడు. పాటలు జేబులోకి వెళ్లిపోయాయి.

"ఆ, నంబరు వచ్చేసింది," అంది నిరాలీ.

శేఠ్ దాన్ని చేతిలోకి తీసుకుని కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "భలే తుడిచావురా! కుంకుమ పోయింది సరే, ఇంత దుమ్మెలా పట్టింది?"

"అది... బల్లకింద పడింది కదా కాకా..."

"సరే సరే. వెళ్లి వేడివేడిగా లోచో పట్టుకురా. వెన్న ఎక్కువ వెయ్యమను."

బతుకు జీవుడా అనుకుంటూ ఉర్విశ్ మెట్లు దూకాడు. ఆ చప్పుడు అణిగేదాకా ఆగి, శేఠ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"బేటా, కొట్టు మూశాక జరిగేది ఫోనులో చూపిస్తుందన్నావే... దాన్ని ఆపెయ్యొచ్చా?"

"అదేమిటి శేఠ్‌జీ! అతను కిందకి దూరి ఏదో మార్చాడు. నేను కళ్లారా చూశాను."

"నేను రెండేళ్ల నుంచీ చూస్తున్నాను. వాడి గర్బా పాటలు రోజూ కారులో వింటున్నాను కూడా. మంచి పాటలే ఎక్కించాడు వెధవ."

నిరాలీ లాప్‌టాప్ మూసేసింది. "మరి పట్టుకోరేం?"

"పగలు నా ఎదుట కూర్చుని వేసే డిజైన్లు మా ఆవిడ చేత కూడా కట్టించలేను. సాయంత్రం దొంగచాటుగా వేస్తాడు చూడు, వాటికి బజారు బజారంతా ఎగబడుతుంది. పట్టుకున్నానంటే మానేస్తాడు," శేఠ్ గొంతు ఇంకా తగ్గించాడు. "మగన్ దలాల్ వాటిని కొనేది నాకోసమే!"